స్క్రీమ్‌లో మాట ఎందుకు నిలవదు?

ఇంగ్లీషు కథల పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని చదివే అలవాటున్నవాళ్లకి ఈ చిక్కు ఎదురయ్యే ఉంటుంది. షౌట్ అని వెతికితే ‘అరచు, కేకవేయు’ అని ఉంటుంది. యెల్ అని వెతికితే ‘కేకవేయు, అరచు’. స్క్రీమ్, ష్రీక్, హాలర్, బెలో... పేజీలు తిప్పినకొద్దీ అవే రెండు అర్థాలు అటూ ఇటూ మారి కనిపిస్తాయి. దాంతో అన్నీ ఒకటే అనుకుని ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తాం. రోడ్డుకి అవతల ఉన్న స్నేహితుణ్ణి పిలిచానని చెప్పాల్సిన చోట ‘ఐ స్క్రీమ్డ్’ అని రాశామనుకోండి. వ్యాకరణం ఏమీ అనదు. చదివినవాళ్లు మాత్రం అక్కడ ఏదో ప్రమాదం జరిగిందనుకుంటారు.

ఈ మాటల తేడా అర్థాల పట్టికలో దొరకదు, గొంతులో దొరుకుతుంది. అరిచేటప్పుడు ఊపిరి, స్వరపేటిక, నోరు ఏం చేస్తున్నాయో ఒకసారి చూస్తే ఏ అరుపుకి ఏ పేరో చాలావరకు తేలిపోతుంది. ఆ అరుపులో మాట బతికి ఉందా, ఊడిపోయిందా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఇంగ్లీషు ఈ మాటల్ని విడగొట్టుకోవడంలో అసలు గీత అదేనని నా నమ్మకం.

గొంతు పెరిగేదెలా?

మెడ ముందు చేతికి గట్టిగా తగిలేది స్వరపేటిక. దాని లోపల ఎదురెదురుగా రెండు మడతలు ఉంటాయి. స్వరతంత్రులని పిలుస్తాం గాని అవి తీగలు కావు, తడి పొర కప్పిన కండర మడతలు. మగవాళ్లలో వాటి పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు ఉంటుంది. ఆడవాళ్లలో ఇంకాస్త తక్కువ. ఊపిరి వదిలేటప్పుడు అవి దగ్గరికొచ్చి దారి మూస్తే కింద గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మడతలు విడిపోతాయి. కొంత గాలి జారిపోగానే మళ్లీ మూసుకుంటాయి. మామూలుగా మాట్లాడే మగవాడి గొంతులో ఇది సెకనుకి 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్ల గొంతులో దాదాపు 200 సార్లు జరుగుతుంది. ఈ లెక్కనే హెర్ట్జ్‌లలో చెబుతారు. మనకి అది గొంతు శ్రుతిగా వినిపిస్తుంది.

గట్టిగా అరవాలంటే ముందు పొట్ట, పక్కటెముకల కండరాలు గాలిని బలంగా తోస్తాయి. ఆ గాలికి లొంగకుండా మడతలు మరింత బిగుసుకుంటాయి. బిగుసుకున్నవి విడిపోయి మళ్లీ మూసుకునేటప్పుడు మెల్లగా కాక ఠపీమని మూసుకుంటాయి. ఆ మూత ఎంత పదునుగా ఉంటే శబ్దంలో పై స్థాయి స్వరాలు అంత ఎక్కువగా పుడతాయి. దవడ కిందికి దిగి నోరు పెద్దదవుతుంది. కింది నుంచి ఒత్తిడి పెరిగినప్పుడు మడతలు సాగి, మనం కావాలనుకోకపోయినా శ్రుతి కూడా పైకి పోతుంది. గట్టిగా అరుస్తూ గొంతు మాత్రం మామూలు శ్రుతిలోనే నిలపడం ఎంత కష్టమో ఎవరైనా చేసి చూడొచ్చు.

చుట్టూ రొద ఉంటే ఇదంతా దానంతటదే జరిగిపోతుంది. ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి చెవి, గొంతు వైద్యుడు 1911లో దీన్ని వివరించాడు. రోగి చెవిలో రొద వినిపిస్తే అతను తెలియకుండానే గొంతు పెంచాడు, రొద ఆపగానే తగ్గించాడు. పెళ్లి భోజనాల హాల్లో ఒక్కో బల్ల దగ్గరా గొంతులు పెరుగుతూ పోయి, చివరికి పక్కన కూర్చున్నవాళ్లతో కూడా అరిచి మాట్లాడాల్సి వచ్చేది ఇందుకే.

బాక్స్: డెసిబెల్ లెక్క

మామూలు మాట ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. గట్టి కేక 90 దాకా పోతుంది. సగమే కదా పెరిగింది అనుకుంటే పొరపాటు. ప్రతి 10 డెసిబెల్స్‌కీ శబ్దశక్తి 10 రెట్లు అవుతుంది. అంటే కేకలో శక్తి మాటలో కన్నా 1000 రెట్లు. చెవికి మాత్రం ప్రతి 10 డెసిబెల్స్‌కీ శబ్దం సుమారు రెండింతలైనట్టు అనిపిస్తుంది, కాబట్టి కేక ఎనిమిదింతలుగా వినిపిస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపు అయినప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతాయి. 90 దగ్గర మొదలైన కేక 64 మీటర్ల దూరంలో 54గా మిగులుతుంది, అర్థమవుతుంది. 60 దగ్గర మొదలైన మాట అక్కడికి చేరేసరికి 24 అవుతుంది, ఆకుల గలగలలోనే కలిసిపోతుంది.

చుక్కలు తగ్గితే ముగ్గు తెలియదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన గొంతు ఎప్పుడూ ఒకే స్వరం పలకదు. 100 హెర్ట్జ్ శ్రుతిలో మాట్లాడే మనిషి గొంతులో 200, 300, 400 ఇలా పైపైకి వరసగా స్వరాలు ఉంటాయి. నాలుక, పెదవులు, దవడ కదిలినప్పుడు నోటి ఆకారం మారి, ఆ వరసలో కొన్ని చోట్ల స్వరాలు బలపడతాయి, కొన్ని చోట్ల నీరసిస్తాయి. ఎక్కడ బలపడ్డాయో చూసి మన చెవి అది ‘ఆ’ అనో ‘ఈ’ అనో గుర్తుపడుతుంది. ‘ఆ’కి బలం 700 నుంచి 1200 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ‘ఈ’కి ఒక బలం 300 దగ్గర, ఇంకోటి 2000 దాటాక ఉంటుంది.

చుక్కల ముగ్గులో చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటే తామర పువ్వో, రథమో ఇట్టే తెలుస్తుంది. మూడే చుక్కలు పెట్టి ఏ ముగ్గో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. 100 హెర్ట్జ్ గొంతు 3000 హెర్ట్జ్ లోపల 30 చుక్కలు పెడుతుంది. కేక వేస్తూ శ్రుతి 300కి చేరితే 10 చుక్కలు మిగులుతాయి. ముగ్గు కాస్త మసకబారినా ఏదో తెలుస్తుంది. ప్రాణభయంతో అరిచిన అరుపు 1000 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుంటే మిగిలేవి మూడే. ‘ఆ’, ‘ఈ’, ‘ఊ’ అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఆపెరాలో సొప్రానో గాయని అతి పై స్థాయికి చేరినప్పుడు ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లకి కూడా పదాలు తెలియకపోవడానికి కారణం ఇదే.

హల్లులకి ఇంకో కష్టం ఉంది. ‘ప’, ‘బ’, ‘మ’ పలకాలంటే పెదవులు మూయాలి. మూస్తే అరుపు తెగుతుంది. భయంతో తెరుచుకున్న నోరు మూతపడదు, అందుకని హల్లు పుట్టదు.

షౌట్‌కీ స్క్రీమ్‌కీ మధ్య గీత సరిగ్గా ఇక్కడ పడుతుంది. షౌట్, యెల్, హాలర్, కాల్ అవుట్ అన్నవి మాటని మోసుకెళ్లే అరుపులు. శ్రుతి పెరిగినా మాట తెలిసేంత వరకే పెరుగుతుంది. స్క్రీమ్, ష్రీక్, స్క్వీల్, స్క్రీచ్ అన్నవి మాటని వదిలేసిన అరుపులు. వాటిలో వినేవాడికి చేరేది శబ్దమే. మనం ‘కెవ్వుమంది’ అన్నప్పుడు కూడా ఆ అమ్మాయి ఏమందని ఎవరూ అడగరు.

మరి ‘గెట్ అవుట్, షి స్క్రీమ్డ్’ అని నవలల్లో కనిపిస్తుందే అనొచ్చు. కనిపిస్తుంది. గొంతు ఇక మాటని పట్టి ఉంచలేని అంచుకి చేరిందని రచయిత చెప్పదలచుకున్నప్పుడే అది అక్కడికి వస్తుంది. అదే చోట షౌటెడ్ అని పెడితే ఆమె కోపంగా ఉంది గాని తన చేతిలో తను ఉంది. యెల్డ్ అంటే గొంతు మరింత పదునైంది, అదుపు కొంచెం జారింది. మెసేజ్ అంతా పెద్ద అక్షరాల్లో టైపు చేసినవాళ్లకి ‘షౌట్ చేయకు’ అని జవాబు వస్తుంది. అక్కడ గొంతే లేదు, ఉన్నదంతా మాటే. ఆ పేరే దానికి సరిపోయింది.

ఎవరి కోసం, ఎవరి మీద

షౌట్ వాడేటప్పుడు మనవాళ్లు తరచూ జారే చోటు ఒకటుంది. షౌట్ టు అంటే అవతలివాడికి వినపడాలని కేకేయడం. షౌట్ ఎట్ అంటే వాడి మీద అరవడం. ‘డ్రైవర్‌ని కేకేశాను’, ‘డ్రైవర్ మీద అరిచాను’ అని మనం క్రియనే మార్చి చెప్పేదాన్ని ఇంగ్లీషు ఒక చిన్న ముక్క మార్చి చెబుతుంది. ఆఫీసు ఈమెయిల్లో ఎట్ పడితే మామూలు పిలుపు కూడా ఫిర్యాదుగా మారిపోతుంది.

గరుకు అనే గుణం

ఎత్తైన శ్రుతి ఒక్కటే స్క్రీమ్‌ని స్క్రీమ్ చేయదు. వేణువు కూడా అంత పైకి పలుకుతుంది, ఎవరూ ఉలిక్కిపడరు. ఉలికిపాటు ఎక్కడ నుంచి వస్తుందో 2015లో కరెంట్ బయాలజీ పత్రికలో అచ్చైన ఒక పరిశోధన చూపించింది. లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్, వాళ్ల సహచరులు చేసిన పని అది. మామూలు మాటలో శబ్దం హెచ్చుతగ్గులు అక్షరాల వేగంతో నడుస్తాయి, సెకనుకి నాలుగైదు సార్లు. స్క్రీమ్‌లో ఆ హెచ్చుతగ్గులు సెకనుకి 30 నుంచి 150 సార్లు జరుగుతున్నాయని వాళ్లు గుర్తించారు. అంత వేగాన్ని చెవి విడివిడిగా లెక్కపెట్టలేదు, అలాగని నునుపైన స్వరంగానూ కలిపేసుకోలేదు. గరుకుగా, కోసినట్టుగా వింటుంది. గరుకు పెరిగినకొద్దీ విన్నవాళ్లు ఆ అరుపు మరింత భయంకరంగా ఉందన్నారు. మెదడు స్కానింగుల్లో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం దానికి ఎక్కువగా స్పందించింది.

ఈ గరుకు పుట్టేదీ ఆ రెండు మడతల దగ్గరే. అవి తట్టుకోగలిగినదాని కన్నా గాలి ఒత్తిడి మించితే జంటగా, లయగా కొట్టుకోవడం మానేస్తాయి. ఒకటి ముందు, ఒకటి వెనక పడతాయి. లయ విరిగి, శబ్దం చీలిపోతుంది. మామూలు మాటకి ఈ స్థితి అక్కర్లేదు, అందుకే మాట ఆ జోలికి పోదు. అది అత్యవసరానికి ఖాళీగా మిగిలి ఉంది. మనిషి చేసిన అలారాల శబ్దాల్లోనూ ఇదే గరుకు ఉందని ఆ పరిశోధకులు చూపించారు.

స్క్రీచ్ అన్న మాటకి ప్రాణం ఈ గరుకే. గుడ్లగూబ స్క్రీచ్ చేస్తుంది, బ్రేకు వేసిన టైరు స్క్రీచ్ చేస్తుంది. మనిషి స్క్రీచ్ చేశాడంటే వినేవాడికి చెవులు మూసుకోవాలనిపించిందన్న తీర్పు కూడా ఆ మాటలో ఉంటుంది. స్క్వీల్ అంతే ఎత్తున ఉంటుంది గాని గరుకు తక్కువ. పంది పిల్లకీ, ఉయ్యాల మీద కేరింతలు కొట్టే పిల్లకీ ఒకే మాట సరిపోయేది అందుకే. బోర్డు మీద గోరు గీసిన శబ్దానికి ఒళ్లు జలదరించడానికి దాని కీచుదనమే కారణమని చాలామంది అనుకుంటారు. 1986లో హాల్పెర్న్, బ్లేక్, హిల్లెన్‌బ్రాండ్ అనే పరిశోధకులు పలక మీద తోటపని ముట్టుతో గీసి రికార్డు చేసి, అందులోని పై పౌనఃపున్యాలు తీసేసి వినిపించారు. వినేవాళ్ల బాధ తగ్గలేదు. మధ్య, కింది భాగం తీసేస్తేనే తగ్గింది.

1965, షే స్టేడియం

గుంపు స్క్రీమ్ ఏం చేయగలదో న్యూయార్క్‌లోని షే స్టేడియం చూసింది. 1965 ఆగస్టు 15న బీటిల్స్ అక్కడ పాడారు. సుమారు 55,600 మంది వచ్చారు. అందులో ఎక్కువమంది టీనేజీ అమ్మాయిలు. ఆ పర్యటన కోసం వాక్స్ కంపెనీ ప్రత్యేకంగా 100 వాట్ల ఆంప్లిఫయర్లు తయారుచేసి ఇచ్చింది. ఫలితం లేకపోయింది. పాడేవాళ్లకి తమ పాట తమకే వినపడలేదు.

కారణాలు రెండున్నాయి. చెవి రంధ్రం రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న ఒక గొట్టం. లోపలి కొస కర్ణభేరితో మూసి ఉంటుంది. అంత పొడవున్న గొట్టం 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాల్ని పెంచి లోపలికి పంపుతుంది. స్క్రీమ్ శక్తిలో పెద్ద భాగం వచ్చి పడేది ఆ చుట్టుపక్కలే. పాటలో మాట తెలియడానికి కావలసిన హల్లుల శబ్దాలు కూడా అక్కడే ఉంటాయి. ఒకదాని చోటులో ఇంకొకటి కూర్చుంది. రెండో కారణం సంఖ్య. అరిచేవాళ్లు రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది. ఒక్కరి బదులు వెయ్యి మంది అరిస్తే 30 పెరుగుతుంది. ఆ అమ్మాయిలు గాయకుల పేర్లు పెట్టి కూడా పిలిచారు, అయినా ఇంగ్లీషు వాళ్లని ‘స్క్రీమింగ్ ఫ్యాన్స్’ అనే అంది. మాటలు ఉన్నా అక్కడ ఒక్క మాటా బతకలేదు. బీటిల్స్ మరుసటి ఏడాది ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో పాడి, ఆ తర్వాత పర్యటనలే మానేశారు.

అదే గుంపు ఫుట్‌బాల్ మైదానంలో ఉంటే మాట మారుతుంది. రోర్ అవుతుంది. 1937లో స్కాట్లండ్, ఇంగ్లండ్ ఆట చూడటానికి గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్కుకి దాదాపు లక్షన్నర మంది వచ్చారు. అక్కడి జనఘోషకి ‘హాంప్‌డెన్ రోర్’ అనే పేరుంది. వేల మంది మగ గొంతులు వేర్వేరు శ్రుతుల్లో కలిస్తే ఏ ఒక్క శ్రుతీ మిగలదు. దూరం పోయినకొద్దీ గాలి పై పౌనఃపున్యాల్ని ముందు మింగేస్తుంది, కిందివి మిగులుతాయి. వీధుల అవతల ఇంట్లో కూర్చున్నవాడికి అందేది శ్రుతి తెలియని లోతైన ఘోష. సముద్రానికీ, ఇంజనుకీ కూడా రోర్ సరిపోయేది ఈ గుణం వల్లే.

సింహం రోర్‌ని ఒక మీటరు దగ్గర 114 డెసిబెల్స్‌గా కొలిచారు. సింహాల, పులుల స్వరతంత్రుల లోపల కొవ్వు ఉండటంతో వాటి అంచు చదునుగా, చతురస్రంగా ఉంటుందని 2011లో ఇంగో టిట్సె బృందం రాసింది. అంచు అలా ఉంటే తక్కువ గాలి ఒత్తిడితోనే పెద్ద శబ్దం పుడుతుంది. బెలో కూడా లోతైనదే, కాకపోతే అది ఎద్దు సొంతం. మన రంకెకి చాలా దగ్గర. ఛాతీ నిండా గాలి పట్టిన పెద్ద మనిషి పెరటి నుంచి వీధి దాకా పిలిస్తే బెలో. చిన్నపిల్ల ఎంత గట్టిగా అరిచినా ఆ మాట ఆమెకి అతకదు. హౌల్, వెయిల్ అనేవి శ్రుతి కన్నా నిడివిని బట్టి వచ్చిన పేర్లు. ఒకే ఊపిరి మీద సాగదీసిన ఊళ హౌల్. పైకీ కిందికీ ఊగుతూ సాగే శోకం వెయిల్. అంబులెన్సు సైరన్‌కి వెయిల్ అనే పేరు అందుకే వచ్చింది.

ఈ మాటల్ని పైకి చదివితే ఒకటి వినిపిస్తుంది. స్క్రీమ్, ష్రీక్, స్క్రీచ్, స్క్వీల్ అన్నిటి నడుమా ‘ఈ’ ఉంది. రోర్, హౌల్, బెలోలలో నోరు గుండ్రబడుతుంది. పై పౌనఃపున్యాల్లో బలమున్న అచ్చు ‘ఈ’యే. భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ 1929లో మిల్, మల్ అనే అర్థం లేని రెండు పేర్లు చెప్పి వీటిలో పెద్ద బల్ల ఏదని అడిగితే, ఎక్కువమంది మల్ అన్నారు. సన్నటి శబ్దాన్ని చిన్నదానితో, లోతైన శబ్దాన్ని పెద్దదానితో మనసు ముడిపెట్టుకుంటుంది. మాటలు ఆ ముడిని అనుసరించాయి. అన్నీ కాదు, యెల్ వంటివి ఆ వరసలో ఇమడవు.

దూరానికి పుట్టిన కేకలు

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది హాలర్. అమెరికా దక్షిణ రాష్ట్రాల మాట. పొలాలు ఎడంగా, ఫోన్లు లేకుండా ఉన్న కాలంలో రైతులు కేకతోనే కబురు పంపుకునేవారు. నార్త్ కరోలైనాలోని స్పైవీస్ కార్నర్ అనే చిన్న ఊళ్లో 1969 నుంచి 2016 దాకా జాతీయ హాలరింగ్ పోటీలు జరిగాయి. పొద్దున్నే ఒక హాలర్ వేస్తే ఇంట్లో అంతా క్షేమమని అర్థం, అది వినపడకపోతే పొరుగువాళ్లు వచ్చి చూసేవారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. హాలర్‌లో గొంతు ఛాతీ స్వరం నుంచి సన్నటి పై స్వరానికి టక్కున విరిగి మళ్లీ కిందికొస్తుంది. గాలి రొదలో అలాంటి విరుపు ఉండదు కాబట్టి ఎంత దూరాన ఉన్నా అది మనిషి గొంతేనని చెవి పట్టేస్తుంది. పత్తి చేలల్లో నల్లజాతి కూలీలు వేసిన ఫీల్డ్ హాలర్లే తర్వాత బ్లూస్ సంగీతానికి ఒక మూలమయ్యాయి.

ఇంగ్లండులో ఒకప్పుడు కేక వేయడం చట్టం. ఒకటో ఎడ్వర్డ్ రాజు 1285లో తెచ్చిన వించెస్టర్ శాసనం ప్రకారం నేరం జరిగితే హ్యూ అండ్ క్రై లేవనెత్తాలి, అంటే కేకలతో ఊరిని లేపాలి. ఆ కేక విన్నవాళ్లు దొంగ వెంట పడాలి, ఊరి నుంచి ఊరికి కేక అందించాలి. పోలీసు వ్యవస్థ లేని రోజుల్లో గొంతే కాపలా. ఆ పదబంధం ఇప్పటికీ పత్రికల్లో జనాగ్రహానికి బతికే ఉంది.

ఆట చూసొచ్చాక గొంతు పోవడం

ఆట నుంచి, ఊరేగింపు నుంచి ఇంటికొచ్చాక గొంతు బొంగురుపోతే ఇంగ్లీషులో హోర్స్ అంటారు. గంటల తరబడి షౌట్ చేస్తే స్వరతంత్రులు సెకనుకి వందల సార్లు బలంగా ఢీకొని వాచిపోతాయి. వాచి బరువెక్కినవి నెమ్మదిగా కదులుతాయి, అందుకే గొంతు లోతుగా వినిపిస్తుంది. పూర్తిగా మూసుకోవు, సందులోంచి గాలి జారి శబ్దం బొంగురుగా వస్తుంది. రెండు మూడు రోజులు మాట తగ్గించి, నీళ్లు తాగుతుంటే సాధారణంగా సర్దుకుంటుంది. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోవద్దు, చాలామందిలో అప్పుడు గొంతు మరింత బిగుసుకుంటుంది. తక్కువ స్వరంలో మామూలుగా మాట్లాడటమే నయం.

రోజూ అరవాల్సిన వృత్తుల్లో ఇది అంత తేలిగ్గా తగ్గదు. యాభై అరవై మంది పిల్లల రొద మీదుగా పాఠం చెప్పే టీచర్లలో మడతలు ఎక్కువగా కొట్టుకునే చోట కాయలు కాసినట్టు చిన్న బొడిపెలు లేస్తాయి. లొంబార్ చెప్పినది వాళ్ల విషయంలో రోజుకి ఆరేడు గంటలు జరుగుతుంది. రొద పెరిగినప్పుడల్లా గొంతు తెలియకుండా పెరుగుతుంది. తరగతికి చిన్న మైకు ఇస్తే ఆ బరువు చాలా తగ్గుతుంది. పాఠశాలలు దీన్ని విలాసమనుకోకుండా సుద్దముక్కతో సమానంగా చూడాలి. బొంగురు మూడు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరపేటిక చూపించుకోవాలి. బొడిపెలు చాలావరకు గొంతు వాడే పద్ధతి మార్చుకుంటేనే తగ్గుతాయి, ఆపరేషన్ దాకా పోయేవి తక్కువ.